ఒకే తీగ మీద ఐదు వోల్టులూ, మూడు వోల్టులూ

నా ఉద్యోగమంతా కర్నూలు, కడప వైపు ఆసుపత్రుల్లో మిషన్లు బాగుచేయడం. ఏ ఆసుపత్రికి వెళ్ళినా గేటు దగ్గర వాచ్‌మన్ "కరెంటాయన వచ్చినాడు" అని లోపలికి కేకేసేవాడు. మొదట్లో పౌరుషం వచ్చేది. నేను ఎలక్ట్రానిక్స్ చదివినవాణ్ణి, ఫ్యాన్లు బిగించేవాణ్ణి కానని చెప్పుకునేవాణ్ణి. కొన్నాళ్ళకు మానేశాను. ఫ్యాను బిగించేవాడికి ఉన్న గౌరవం మాకెక్కడిది? అతని పని అయిపోగానే గాలి వస్తుంది, అందరి మొహాలూ వెలుగుతాయి. మా పని అయిపోతే మిషను ముందెలా ఉందో మళ్ళీ అలాగే ఉంటుంది. అది చూసి సంతోషించేవాళ్ళు తక్కువ.

ఇప్పుడు రిటైరై కర్నూలులోనే ఉంటున్నాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళు ఫోను చేసి, సార్, ఏం నేర్చుకోవాలి అని అడుగుతుంటారు. ప్రమోషన్లు ఎలా వస్తాయో, బిల్లులు ఎలా రాయాలో నన్నడగొద్దు. వాటిలో నేను వెనకబడ్డవాణ్ణే. నాకు చెప్పాలనిపించేది రెండు తీగల గురించి. మీరు విప్పే ప్రతి మిషన్లోనూ ఎక్కడో ఒకచోట అవి ఉంటాయి. ఇన్నేళ్ళ తరువాత కూడా వాటిని తలుచుకుంటే నాకు ఒళ్ళు పులకరిస్తుంది. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి.

ఎవరూ పైకి తొయ్యని లైను

నాకు పని నేర్పింది మహబూబ్ సార్. కర్నూలు పాతబస్తీలో ఆయన వర్క్‌షాపు. ఆయనకు కోపం ముక్కు మీద ఉండేది. తప్పు చేస్తే తిట్టేవాడు కాదు, మన చేతిలోని సోల్డరింగు ఐరన్ తీసి పక్కన పెట్టేసేవాడు. ఆ రోజంతా ఇక మనకు పని లేదన్నమాట. తిట్టినా బాగుండునని అనిపించేది. ఆయనకు ఇంకో అలవాటుండేది. ఏ ఆసుపత్రికి వెళ్ళినా మిషను మూత వెంటనే తీయనిచ్చేవాడు కాదు. ముందు అక్కడ కాసేపు కూర్చుని టీ తాగాలి. ఆ మిషన్తో మనుషులు ఎలా మెలుగుతున్నారో చూడాలి. ఆ తరువాతే స్క్రూడ్రైవరు.

మా నాన్నకు బట్టల అంగడి ఉండేది. అది సారుకు తెలుసు. ఒకరోజు ఒక బోర్డు మీద పక్కపక్కనే పోతున్న రెండు గీతలు చూపించి అడిగాడు.

"ఏమప్పా శెట్టీ, మీ నాయన అంగడి షట్టరు యెట్ల లేస్తాది?"

"దానంతటదే లేస్తాది సార్. లోపల స్ప్రింగు ఉండాది."

"మూయల్లంటే?"

"కిందికి గుంజల్ల."

"బయట నిలబడి నువ్వు గుంజినా మూతబడతాది, లోపల్నుంచి మీ నాయన గుంజినా మూతబడతాది. ఇద్దరూ వదిలితేనే లేస్తాది. ఈ లైను గూడా అంతే. పో, పని చూసుకో."

అంతే ఆయన పాఠం. మిగతాది నేను పుస్తకాల్లో చదువుకున్నాను. మిషన్లో ఒక చిప్పుకు వేడి తెలుస్తుంది, ఒకటి అంకె చూపిస్తుంది, ఒకటి అలారం మోగిస్తుంది. వీటన్నిటినీ నడిపించే కంట్రోలరు ఒకటుంటుంది. అందరికీ విడివిడిగా తీగలు లాగరు. అన్నీ ఆ రెండు తీగలనే పట్టుకుని ఉంటాయి. ఒకటి మాటకు, ఒకటి ఆ మాటకు లయ వేసే తాళానికి. ఆ తీగ వోల్టేజిని పైకి తొయ్యడానికి ఏ చిప్పుకూ అధికారం లేదు. కిందికి లాగొచ్చు, లేదా వదిలెయ్యొచ్చు. అందరూ వదిలేస్తే, సప్లైకి కట్టిన చిన్న రెసిస్టరు లైనును పైకి లేపుతుంది. మా షట్టరు స్ప్రింగు అదే. లాగడం, వదలడం, ఈ రెంటితోనే సంభాషణంతా జరుగుతుంది.

అది అర్థమైన రోజు నేను అన్నం తింటూ మధ్యలో ఆగిపోయాను. ఒకడు పైకి తోసి, ఇంకొకడు కిందికి లాగితే ఇద్దరూ కాలిపోతారు. పైకి తోసేవాడే లేకపోతే గొడవే లేదు. రెండు చిప్పులు ఒకేసారి మాట మొదలుపెట్టినా ఏమీ కాదు. తాను వదిలినా లైను ఇంకా కిందే ఉందంటే వేరెవరో మాట్లాడుతున్నారని గ్రహించి ఒకటి ఊరుకుంటుంది. ఒక చిప్పు నెమ్మదిదైతే తాళం తీగను కాసేపు కిందే పట్టుకుంటుంది. అది వదిలేదాకా ఎంత వేగమైనవైనా ఆగుతాయి. మా బంధువుల పెళ్ళిళ్ళలో పెద్దమనుషులు పంచాయితీకి కూర్చున్నప్పుడు ఇంత మర్యాద నేనెన్నడూ చూడలేదు. దీన్ని ఆలోచించినవాళ్ళు ఎవరో గానీ, వాళ్ళకు మనసులోనే దండం పెట్టుకున్నాను.

ఐదుకూ మూడుకూ పరిచయం చేయడం

పాత చిప్పులన్నీ ఐదు వోల్టుల మీద నడిచేవి. తరువాత వచ్చినవి మూడు పాయింట్ మూడు మీద. ఇక్కడ వోల్టులు అంటున్నానే గానీ, వర్క్‌షాపులో మేం వాటిని ఐదోళ్ళు, మూడోళ్ళు అనేవాళ్ళం. మన ఆసుపత్రుల్లో పాత మిషన్లు అంత తొందరగా మూలకు చేరవు. వాటికే కొత్త సామాను తగిలిస్తుంటారు. అందుకని నా ఉద్యోగంలో సగం ఐదోళ్ళకూ మూడోళ్ళకూ ఒకే తీగ మీద సంసారం కుదర్చడంతోనే సరిపోయింది.

చిక్కు ఎక్కడంటే, ఆ స్ప్రింగు రెసిస్టరును దేనికి కట్టాలి? ఐదుకు కడితే లైను ఐదు దాకా లేస్తుంది. మూడు పాయింట్ మూడు చిప్పు కాలు మీద ఐదు వోల్టులు పడతాయి. తట్టుకునేలా చేసిన చిప్పులున్నాయి, తట్టుకోలేనివీ ఉన్నాయి. మూడు పాయింట్ మూడుకు కడితే దెబ్బ లేదు గానీ, అవతల ఐదు వోల్టుల చిప్పు ఆ ఎత్తును ఎత్తుగా ఒప్పుకోవాలి. చాలా చిప్పులకు తమ సప్లైలో పదింట ఏడు వంతులు కావాలి. అంటే మూడున్నర. మూడు పాయింట్ మూడు ఇస్తే ఒకరోజు వింటుంది, ఒకరోజు వినదు. టేబులు మీద బుద్ధిగా ఉండి, వార్డులోకి పోగానే అలుగుతుంది.

"కలిపి చూసినాం, పనిచేసింది గదా సార్." నాకు ఈ మాటంటే ఒళ్ళుమంట. పనిచేయడం వేరు, పనిచేస్తుందని చెప్పగలగడం వేరు. చిప్పు కాగితాల్లో ఆ రెండు అంకెలూ ఉంటాయి, ఎంత తట్టుకుంటుంది, ఎంతైతే వింటుంది అని. చదవడానికి టీ తాగేంత సేపు కూడా పట్టదు. చదవనివాళ్ళు ఈ పనిలోకి రాకపోతే మంచిది. కటువుగా ఉందేమో, అయినా అదే నా అభిప్రాయం. ఎందుకంటానో చెబుతాను.

నిలిచిపోయిన అంకె

రాయచోటి వైపు ఒక చిన్న ఆసుపత్రి. పేరు చెప్పను. అక్కడ నెల తక్కువ పిల్లలను పడుకోబెట్టే వార్మర్లున్నాయి. తెరిచిన చిన్న పడక, పైన హీటరు. బిడ్డ పొట్ట మీద ప్రోబు అంటిస్తారు. అది ఒంటి వేడి చెబుతుంటే, దాన్ని బట్టి మిషను హీటరును పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. వాటిలో ఒక పాత వార్మరు మీద ఫిర్యాదు. అప్పుడప్పుడు తెర మీద అంకె నిలిచిపోతోంది. అంకె ముప్పై ఆరున్నర చూపిస్తుంటే బిడ్డ ఒళ్ళు కాలిపోతోంది. అలారం కూడా మోగడం లేదు.

మిషను మా వర్క్‌షాపుకు కూడా వచ్చిపోయింది. దానికి తోడు ఒక డబ్బాను కూడా పంపారు. గోడకు అవతల నర్సుల బల్ల మీద ఉండి, అదే అంకెను అక్కడ చూపించే డబ్బా. ఎవరో అమ్మకం మనిషి కొత్తగా తగిలించి వెళ్ళాడు. రెంటినీ కలిపి రోజంతా నడిపాం. ఒక్కసారి కూడా అంకె ఆగలేదు. తిరిగి పంపించాం. మళ్ళీ ఫోను వచ్చింది. ఈసారి నేనే వెళ్ళాను.

సిస్టరు కమలమ్మ నన్ను చూసి నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "మీరొచ్చినప్పుడు ఇది పెండ్లికూతురు మాదిరి తలొంచుకోని కూసుంటాది సార్. మీరు గేటు దాటినారంటే మొండికేస్తాది."

డాక్టరమ్మ మాత్రం నవ్వే స్థితిలో లేదు. ఆ పక్కనే మంచం మీద రూతమ్మ అనే ఆమె కూర్చుని ఉంది. వేంపల్లె దగ్గర చీనీ, అంటే బత్తాయి తోటల్లో కూలికి పోయే మనిషి, పుట్టింటికి వచ్చి నెల తక్కువలో కనింది. బిడ్డను బట్ట కప్పి గుండెల మీద బోర్లా పడుకోబెట్టుకుని ఉంది. ఆపరేషనైన ఒళ్ళు, కూర్చోలేక పళ్ళు బిగించుకుంటోంది.

"మీరు సంగతి తేల్చేదాకా ఆ తల్లే మాకు వార్మరు," అంది డాక్టరమ్మ. "ఎంతసేపని కూర్చోగలదు శెట్టి గారూ? మిగతా వార్మర్లన్నిట్లో పిల్లలుండారు. సాయంత్రంలోగా దీన్ని నమ్మొచ్చో నమ్మకూడదో చెప్పండి. నమ్మకూడదంటే కడపకు పంపేస్తా, అంబులెన్సుకు చెప్పి పెట్టినా. ఈ ఎండలో ఇంత బిడ్డను పంపేదానికి నాకే భయంగా ఉండాది."

రూతమ్మ నా వైపు చూడకుండానే అంది. "మొదటి బిడ్డను గూడా అట్లనే అంబులెన్సులో పంపినారు సార్. దారిలోనే పాయె. ఈ బిడ్డను నేను యాడికీ పంపను."

ఆ క్షణాన ఏం చేయాలో తోచక, మహబూబ్ సారు చెప్పిందే చేశాను. మూత తీయలేదు. ప్రోబును నా మోచేతి పైన అంటించుకుని, వార్మరు పక్కన స్టూలు వేసుకుని టీ తెప్పించుకున్నాను. తెర మీద నా ఒంటి వేడి, చివరి అంకె అటూ ఇటూ కదులుతోంది. మిషను ఆరోగ్యంగా ఉంది.

మధ్యాహ్నం కరెంటు పోయింది. ఇన్వర్టరు అందుకుంది. వార్మర్లేవీ ఆగలేదు. కమలమ్మ లేచి స్విచ్చుబోర్డు వెంట వరసగా నడుస్తూ ఒక్కొక్కటీ ఆపుకుంటూ పోయింది. నడవలో ఫ్యాన్లు, గోడ లైట్లు, నీళ్ళ మిషను, తన బల్ల మీది డబ్బా.

"ఏం చేస్తాండారమ్మా?" అన్నాను.

"లోడు తగ్గిస్తాండా సార్. ఎండాకాలం కరెంటు యెప్పుడొస్తాదో తెలీదు గదా. ఇన్వర్టరు బిడ్డలకే. మిగతావన్నీ బందు. ఈడ మా పద్ధతి అది."

మంచి పద్ధతి. వేరే ఆసుపత్రుల్లో కూడా ఉంటే బాగుండునని అనుకుంటూ, బోర్డు చూద్దామని లేచాను. లేస్తూ ప్రోబును చేతి మీద నుంచి పీకేశాను. రెండడుగులు వేసి వెనక్కి చూశాను. ప్రోబు గాల్లో వేలాడుతోంది. తెర మీద మాత్రం నా ఒంటి వేడే ఉంది. కొద్దిసేపు చూశాను. అంకె కదల్లేదు. హీటరు ఎర్రగా, అంతకుముందు ఎంత కాలుతోందో అంతే కాలుతోంది. అలారం నిశ్శబ్దంగా ఉంది. ఆ పడక మీద బిడ్డ ఉండి ఉంటే? ఈ మిషనుకు కలిపినవాటిలో కమలమ్మ ఆపింది ఆ డబ్బా ఒక్కటే.

డబ్బా దగ్గరికి పరిగెత్తాను. స్విచ్చు ఆపి ఉంది. అయినా దాని మీది చిన్న ఎర్ర లైటు మసక మసకగా వెలుగుతోంది. ప్లగ్గు కూడా పీకేశాను. లైటు ఇంకా వెలుగుతూనే ఉంది.

ఆ లైటును చూసినప్పుడు నాకు కలిగిన ఆశ్చర్యం ఇప్పటికీ పోలేదు. డబ్బాలోది మూడు పాయింట్ మూడు వోల్టుల చిప్పు. అమ్మకం మనిషి దాన్ని వార్మరులోని ఐదు వోల్టుల తీగలకు నేరుగా కలిపేశాడు. దాని ప్రాణం, అంటే సప్లై, పోయింది. కానీ దాని కాళ్ళు ఇంకా తీగల మీదే ఉన్నాయి. ఇలాంటి చిప్పుల్లో కాలి నుంచి సప్లై వైపుకు ఒక సన్నటి దారి ఉంటుంది, రక్షణ కోసం పెట్టింది. సప్లై పోయేసరికి వార్మరు లైనులోని కరెంటు ఆ దారిన డబ్బాలోకి కారుతోంది. మాట్లాడుకోవడానికి ఉన్న తీగను డబ్బా తాగేస్తోంది. ఆ పిసరంత కరెంటుతోనే లైటు మిణుకుమంటోంది. లైను మధ్యలో ఎక్కడో వేలాడుతోంది. కంట్రోలరు దాన్ని పైకి లేచినట్టు లెక్కవెయ్యదు, కాబట్టి ఏ మాటా మొదలవదు. వేడి చెప్పే చిప్పుకు తెలిసినా చెప్పే దారి లేదు. అలారం చిప్పు కూడా అదే తీగ మీద ఉంది కాబట్టి దానికీ నోరు లేదు. అలారాన్ని కూడా అక్కడే కట్టిన డిజైనరును నేనింతవరకూ క్షమించలేదు.

మా వర్క్‌షాపులో ఇది ఎందుకు బయటపడలేదో కూడా అప్పుడు తెలిసింది. మేం రెంటినీ ఒకే స్విచ్చుబోర్డుకు పెట్టాం. ఉంటే రెండూ ఉండేవి, పోతే రెండూ పోయేవి. ఒకటి బతికుండగా ఒకటి ఆగిపోవడం, బిడ్డల కోసం లోడు తగ్గించే ఈ వార్డులోనే జరుగుతుంది. కరెంటు రాగానే కమలమ్మ అన్నీ మళ్ళీ వేసేది, జబ్బు మాయమయ్యేది.

మహబూబ్ సారుకు ఫోను చేశాను. ఆయన అప్పటికే పని మానేసి ఇంట్లో ఉంటున్నాడు. "సార్, ప్లగ్గు పీకినా గూడా లైన్ను పట్టుకోనే ఉండాది," అన్నాను.

ఆయన నవ్వాడు. "వదిలేదానికి గూడా ప్రాణముండల్ల గదప్పా."

వడ్లగింజంత ట్రాన్సిస్టరు

డబ్బాను పీకి పారేస్తే పోయేది కదా అంటారు. నేనూ అదే అన్నాను. డాక్టరమ్మ ఒప్పుకోలేదు. ఉన్న ఒక్క సిస్టరు అందరు పిల్లల దగ్గరా నిలబడటం కుదరదు, బల్ల దగ్గర ఆ అంకె కనబడాల్సిందే. పోనీ డబ్బాను ఆపొద్దని కమలమ్మకు చెబుదామా? రేపు ఇంకో సిస్టరు వస్తుంది. లేదా ప్లగ్గే కాలిపోతుంది. ఒక మనిషి గుర్తుపెట్టుకోవడం మీద ఒక బిడ్డ ప్రాణం నిలబెట్టడం పద్ధతి కాదు.

నా సంచిలో వడ్లగింజంత ట్రాన్సిస్టర్లున్నాయి. తీగకు ఒకటి చొప్పున ఐదు వైపుకూ మూడు వైపుకూ మధ్యలో పెట్టాను. దాని గేటును, అంటే దాన్ని తెరిచి మూసే కాలిని, మూడు పాయింట్ మూడు సప్లైకి కట్టాను. రెండు వైపులా లైనును లేపే రెసిస్టర్లు ఎవరివి వాళ్ళకు, ఎవరి వోల్టేజికి వాళ్ళవి. మూడు వైపు చిప్పు తన లైనును కిందికి లాగితే ట్రాన్సిస్టరు తెరుచుకుని ఐదు వైపు లైనునూ కిందికి దించుతుంది. ఐదు వైపు లాగితే, ముందు దానిలో కరెంటును ఒకవైపుకే పోనిచ్చే డయోడు గుండా మూడు వైపు కొంచెం దిగుతుంది, దిగడంతోనే ట్రాన్సిస్టరు తెరుచుకుంటుంది. అందరూ వదిలేస్తే అది మూసుకుంటుంది, ఎవరి లైను వాళ్ళ ఎత్తుకు లేస్తుంది. ఎవరు చెబుతున్నారు, ఎవరు వింటున్నారు అని దానికి చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. చెప్పక్కర్లేదు కూడా.

ఇంకొకటి ఉంది. మూడు వైపు సప్లై పోతే గేటుకు కరెంటు ఉండదు, ట్రాన్సిస్టరు తెరుచుకోదు. దానిలోని డయోడు కూడా ఐదు వైపు నుంచి కరెంటును అటు పోనివ్వదు. ఆగిపోయిన డబ్బా తలుపు అవతలే ఉండిపోతుంది, ఇవతల సంభాషణ సాగుతూనే ఉంటుంది. నేను పుస్తకంలో ఈ సంగతి చాలాసార్లు చదివాను. ఆరోజు ఆ వార్డులో అతుకు వేస్తున్నప్పుడు మాత్రం, ఇంత చిన్న వస్తువులో ఇంత తెలివి ఎలా ఇమిడిందా అని నా కళ్ళు చెమర్చాయి. సోల్డరు పొగ అనుకుందేమో, కమలమ్మ కిటికీ తెరిచింది.

కరెంటు ఇంకా రాలేదు. ప్రోబును మళ్ళీ నా చేతికి అంటించుకుని, డబ్బాను ఇన్వర్టరు మీద వేసి చూశాం, రెండు చోట్లా ఒకే అంకె. ఈసారి డాక్టరమ్మే స్వయంగా దాన్ని ఆపింది. ఎర్ర లైటు పూర్తిగా ఆరిపోయింది. వార్మరు తెర మీద నా చేతి వేడి కదులుతూనే ఉంది. ప్రోబు పీకితే అంకె పడిపోయింది, అలారం చెవులు గింగిర్లెత్తేలా మోగింది. ఆ మోతకు వార్డులో పిల్లలందరూ ఏడుపు లంకించుకున్నారు. నా జీవితంలో అంత కమ్మటి గోల వినలేదు. డాక్టరమ్మ ఆపడం, వెయ్యడం మళ్ళీ మళ్ళీ చేసింది, మామూలు థర్మామీటరు పెట్టి సరిచూసుకుంది. అలారానికి విడిగా ఇంకో ఏర్పాటు చేసేదాకా కమలమ్మ చేత్తో కూడా చూస్తూ ఉండాలని చెప్పింది. తరువాత బిడ్డను పడుకోబెట్టమంది.

రూతమ్మ బిడ్డను వదల్లేదు. నా వైపు తిరిగింది.

"సార్, నిన్న గూడా అంకె బాగనే ఉండె. బిడ్డ ఒళ్ళు మాత్రం కాల్తాండె. ఇప్పుడు ఆ అంకె నా బిడ్డదేనని నాకెట్ల తెలుస్తాది?"

ఇంజనీర్లు అడగాల్సిన ప్రశ్న అది. ట్రాన్సిస్టరు గురించి ఆమెకు ఏం చెప్పను? "బిడ్డను పండబెట్టి నువ్వే చూడమ్మా," అన్నాను.

డాక్టరమ్మ, కమలమ్మ సాయం పట్టి బిడ్డను పడక మీదికి దించారు. పొట్ట మీద ప్రోబు అంటించారు. తెర మీద అంకె నెమ్మదిగా ఎక్కి ఒకచోట కుదురుకుంది. రూతమ్మ గోడ పట్టుకుని లేచి వచ్చింది. చాలాసేపు అంకెను చూసింది. తరువాత తన అరచేతిని బిడ్డ పొట్ట మీద, ప్రోబు మీదుగా పెట్టింది. కొద్దిసేపటికి చివరి అంకె ఒకటి పెరిగింది. చెయ్యి తీసేసింది. అంకె మళ్ళీ తగ్గింది. ఇంకోసారి పెట్టింది. మళ్ళీ పెరిగింది.

"నా చెయ్యి గూడా తెలుస్తాండాది దానికి," అంది. ఆ మాట మాతో అన్నది కాదు.

తరువాత అక్కడే, చెయ్యి తీయకుండానే తల తిప్పింది.

"సిస్టరమ్మా, అంబులెన్సాయన్ను పొమ్మని చెప్పు. మేం ఈడ్నే ఉంటాం."